లేని రంధ్రం

మా ఊళ్ళో మంచు నిలువెత్తున పడుతుంది.
త్సుబమెలో జనవరి అంటే
కిటికీకి సగం దాకా తెలుపు,
మిగతా సగంలోంచి లోహం రుద్దే చప్పుడు.
నేను కెటిల్ మూతలకు మెరుగు పెట్టేదాన్ని.
ముప్పై ఒక్క ఏళ్ళు.
గోళ్ళ కింది నలుపు ఇక వదలదు,
వదిలించుకోవాలని నాకూ లేదు.

ఆ చలికాలం టోక్యో నుంచి
కొత్త కెటిల్ బొమ్మలొచ్చాయి.
పిడిలో దీపం. మూత మీద వెలిగే అంకెలు.
నీళ్ళు మరిగితే మూడు రాగాల ఈల.
తొమోనారి వాటిని బల్ల మీద పరిచి
చాలాసేపు చూసి
"ఇది నీళ్ళు కాస్తుందా, ఊరేగుతుందా?" అన్నాడు.
నవ్వింది నేనొక్కదాన్నే.

మర్నాడు పక్క వీధి ఫుకి గారిని పిలిచాడు.
ఎనభై మూడేళ్ళు. నూడుల్స్ కొట్టు నడిపిన చేతులు.
"ఏమీ చెప్పక్కర్లేదు, మా అందరికీ టీ పోయండి చాలు."
మేం ఆమె మొహం చూడలేదు.
చేతులే చూశాం.

మా పాత కెటిల్ ఎత్తింది.
వంచబోతూ
ఆమె మణికట్టు కొంచెం పక్కకు ఒదిగింది,
ఇరుకు సందులో ఎదురొచ్చిన మనిషికి దారిచ్చినట్టు.
రెండో కప్పుకీ అంతే. ఐదో కప్పుకీ అంతే.
ఎందుకలా అని అడిగితే
"ఎలా?" అంది.
ఆమెకు తెలియదు.
మణికట్టు మీది కాలిన మచ్చకు తెలుసు.

మూత గుబ్బ పక్కనే ఆవిరి రంధ్రం,
సరిగ్గా పిడి పట్టే చేతి కింద.
ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు,
ఎప్పుడూ అక్కడే ఉంది.
ఎన్ని వేల మూతల మీద
ఆ అంచును వేలితో తడిమి
గరుకు లేదని చూసి పెట్టెలో సర్దానో!
నున్నగా ఉందా అని చూశాను గానీ
ఊదేది ఎవరి చేతి మీదో చూడలేదు.
ఆ రాత్రి అన్నం సయించలేదు నాకు.

రంధ్రాన్ని ముందుకు జరిపాం.
వంచితే నీళ్ళు కారాయి.
పక్కకు జరిపాం.
మూత గుండ్రం, గుండ్రానికి కుడీ ఎడమా ఏముంది,
ఫుకి గారు తిప్పి పెట్టారు, మళ్ళీ మొదటికొచ్చింది.
మూత కుదురుగా కూచోడానికి చిన్న పన్ను పెడదామన్నాను.
"ఇంకొకటి పెట్టడమా?" అని తల గీరుకున్నాడు తొమోనారి.

ఫిబ్రవరి చివర, పైకప్పు మీద మంచు లాగుతూ
నిచ్చెన మీంచే అరిచాడు:
"రంధ్రం తీసేద్దాం!"
రంధ్రాన్ని తీసేయడమేమిటి,
అక్కడ ఉన్నదే ఏమీ లేదు కదా
అని కింద మేం మొహమొహాలు చూసుకున్నాం.

ఆవిరి పోవడానికి కొమ్ము ఎప్పట్నుంచో ఉంది.
దాని మొదలు
ఒక్క బియ్యపు గింజంత వెడల్పు చేశాడు.
అంతే.

అమ్మకాల ఉజిహారా వచ్చి
అటు తిప్పి, ఇటు తిప్పి,
"పెట్టె మీద ఏం రాయను?
కొత్తగా ఏముంది ఇందులో?" అంది.
తొమోనారి చెవులు ఎర్రబడ్డాయి.
పులుసులో ఉప్పు సరిపోయినప్పుడు
ఎవరైనా ఉప్పు ఊసెత్తుతారా అని
నాకు అనాలనిపించింది. అనలేదు.
ఆమె ఉద్యోగం ఆమెది.

మొదటిది ఫుకి గారికే ఇచ్చాం.
వారం తర్వాత వెళితే
ఆమె మణికట్టు ఇంకా పక్కకు ఒదుగుతూనే ఉంది,
రాని ఆవిరికి దారిస్తూ.
మార్చిలోనూ అంతే.
వస్తువు మారినంత తొందరగా
చెయ్యి నమ్మదు.

ఏప్రిల్‌లో, కాలవల్లో మంచునీళ్ళు పరిగెడుతుండగా,
ముల్లంగుల ధర గురించి తిట్టుకుంటూ
ఫుకి గారు నాకు టీ పోసింది.
చెయ్యి తిన్నగా వచ్చింది,
తిన్నగా వెళ్ళింది.
ఆమె ముల్లంగుల్లోనే ఉంది.
నేను కప్పు అందుకున్నాను.

కార్ఖానాలో నా పని ఇప్పుడు కాస్త తేలిక.
మూతకు అరనిమిషం మిగులుతుంది.
వేలు మాత్రం
రోజూ గుబ్బ పక్కకు వెళ్ళి
లేని అంచును
ఒకసారి తడిమి వస్తుంది.